తెలుగు టైటిల్‌కి బంగారు ఎఫెక్ట్: ఎంత చేసినా ప్లాస్టిక్‌లా వస్తోంది, ఎక్కడ సరిచేయాలి?

కొత్తకుంచె:

అందరికీ నమస్కారం. ఒక కథల ఈ-పుస్తకానికి ముఖచిత్రం చేస్తున్నాను. టైటిల్ "జ్యోత్స్న". ముదురు నీలం బ్యాక్‌గ్రౌండ్ మీద బంగారు అక్షరాలు కావాలి. ఫోటోషాప్‌లో అక్షరాలకి పసుపు రంగు ఇచ్చి, బెవెల్ అండ్ ఎంబాస్ (అంచుల్ని వాలుగా చేసి ఉబ్బెత్తు ఇచ్చేది) పెట్టి, డ్రాప్ షాడో (వెనక నీడ) వేశాను. అక్షరం ఉబ్బెత్తుగా వచ్చింది గానీ బంగారపు కళ మాత్రం రాలేదు. పసుపు ప్లాస్టిక్‌తో పోత పోసినట్టు ఉంది.

రెండో ఇబ్బంది ఒత్తులతో. "త్స్న" కింద ఉండే రెండు ఒత్తులూ ముద్దగా కలిసిపోయాయి. టైటిల్ ముందే తెలిసినవాళ్లు తప్ప కొత్తవాళ్లు చదవలేరు.

నేను చూసిన ట్యుటోరియల్‌లో ఇంగ్లిష్ అక్షరాలకి సరిగ్గా ఇవే నంబర్లు ఇచ్చారు, అక్కడ చాలా బాగా వచ్చింది. స్క్రీన్‌షాట్ జోడించాను: బెవెల్ సైజు 18, డెప్త్ 100%, హైలైట్ తెలుపు, షాడో నలుపు, కాన్వాస్ 1600 × 2560 పిక్సెల్స్. రెడీమేడ్ గోల్డ్ స్టైల్ ఏదైనా దింపుకుని వాడితే సరిపోతుందా, లేక పద్ధతే మార్చాలా?

వెలుగునీడ:

రెడీమేడ్ స్టైల్ జోలికి వెళ్లకండి. అది ఇంకొకరి అక్షరం మందానికి, ఇంకొకరి కాన్వాస్ సైజుకి చేసింది. మీ దగ్గరికి వచ్చేసరికి మళ్లీ ఇదే సమస్య.

ప్లాస్టిక్‌లా ఎందుకు కనిపిస్తోందంటే, హైలైట్ తెల్లగా ఉంది కాబట్టి. పసుపు ప్లాస్టిక్ మీద దీపం పడితే ఆ మెరుపు చుక్క దీపం రంగులోనే, అంటే తెల్లగానే ఉంటుంది. ప్లాస్టిక్ పైపొర వెలుతురుకి రంగు పూయకుండానే వెనక్కి పంపేస్తుంది. బంగారం అలా కాదు. దాని మీద పడ్డ వెలుతురులో నీలం భాగాన్ని అది తనలోనే ఉంచుకుని, ఎరుపు, పసుపు భాగాలనే తిప్పి పంపుతుంది. అందుకే బంగారం మీద మెరుపు కూడా పచ్చగానే ఉంటుంది. మన కన్ను ఈ తేడాని క్షణంలో పట్టేస్తుంది, మాటల్లో చెప్పలేకపోయినా సరే.

కాబట్టి బెవెల్ ప్యానెల్‌లో ముందు ఈ రెండూ మార్చండి. హైలైట్ రంగు తెలుపు తీసేసి లేత పసుపు (ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు వరసగా 255, 236, 170 దగ్గర్లో) పెట్టండి, బ్లెండ్ మోడ్ (కింది రంగుతో కలిసే తీరు) స్క్రీన్ బదులు లీనియర్ డాడ్జ్ చేయండి. షాడో రంగు నలుపు తీసేసి ముదురు గోధుమ (70, 36, 6) పెట్టండి, మోడ్ మల్టిప్లై అలాగే ఉంచండి. బంగారం నీడ నల్లగా ఉండదు, ఎర్రటి గోధుమలోకి దిగుతుంది. నలుపు కలిస్తే పసుపు ఆకుపచ్చగా, మురికిగా మారుతుంది. మీ బొమ్మలో అంచులు అలా ఉండటానికి అదే కారణం.

ఇది మార్చి చూసి చెప్పండి. తర్వాత గ్రేడియంట్ సంగతి చూద్దాం.

కొత్తకుంచె:

వెలుగునీడ గారూ, మార్చాను. అబ్బ, అంచుల దగ్గర చాలా తేడా వచ్చింది! కానీ అక్షరం మధ్యభాగం ఇంకా పెయింట్ వేసినట్టే ఉంది.

వెలుగునీడ:

ఉంటుంది మరి. మధ్యలో ఒకటే పసుపు కదా. లోహానికి తన సొంత రంగు కంటే చుట్టూ ఉన్నవాటి ప్రతిబింబమే ఎక్కువగా కనిపిస్తుంది. నున్నగా మెరుగు పెట్టిన లోహంలో పైన ఆకాశం వెలుగు, కింద నేల చీకటి, మధ్యలో దిగంతం గీత కనబడతాయి. క్రోమ్ అక్షరాల్లో సగం దగ్గర ఠక్కున వెలుగు తెగిపోయి చీకటి మొదలయ్యే గీత అదే. బంగారానికీ అదే సూత్రం, రంగులే వేరు.

కలర్ తీసేసి గ్రేడియంట్ ఓవర్‌లే (ఒక రంగు నుంచి ఇంకో రంగుకి మారుతూ పోయే పూత) పెట్టండి. లీనియర్, కోణం 90 డిగ్రీలు. కింద నుంచి పైకి ఈ స్టాప్‌లు (ఎక్కడ ఏ రంగు ఉండాలో చెప్పే గుర్తులు) ఇవ్వండి:

0% దగ్గర 92, 58, 12
35% దగ్గర 214, 160, 48
48% దగ్గర 140, 90, 22
52% దగ్గర 255, 240, 190
80% దగ్గర 236, 190, 90
100% దగ్గర 255, 246, 210

48కీ 52కీ మధ్య ఉన్న ఆ చిన్న సందులోనే లోహం ఉంది. ఆ రెంటినీ దూరం జరిపి చూడండి, వెంటనే మెత్తని గుడ్డలా అయిపోతుంది. దగ్గరకి తెస్తే గట్టిపడుతుంది.

గుండ్రక్షరం:

వెలుగునీడ గారు చెప్పిన గ్రేడియంట్ మీద ఒక మాట. తెలుగుకి వాడేటప్పుడు ఇది అందరూ ఎదుర్కొనేదే, ఇంగ్లిష్ ట్యుటోరియల్స్‌లో కనబడదు.

గ్రేడియంట్ ఓవర్‌లేలో "అలైన్ విత్ లేయర్" టిక్ ఉంటే, ఫోటోషాప్ ఆ లేయర్‌లో ఉన్న మొత్తం ఎత్తుని లెక్కలోకి తీసుకుంటుంది. ఇంగ్లిష్ పెద్దక్షరాలకి పైన ఒకటే గీత, కింద ఒకటే గీత, కాబట్టి 50% అంటే అక్షరం నడుము. మన "జ్యోత్స్న"కి పైన ఓత్వం లేస్తుంది, కింద రెండు ఒత్తులు దిగుతాయి. మొత్తం ఎత్తులో సగం అంటే అసలు అక్షరం నడుము కాదు, దాని పాదాల దగ్గర. దిగంతం గీత అక్కడ పడితే పై అక్షరమంతా ఒకటే లేత రంగులో ఉండిపోతుంది, ఒత్తులన్నీ చీకట్లోకి పోతాయి.

దీనికి ఉపాయం సులువు. లేయర్ స్టైల్ డైలాగ్‌లో గ్రేడియంట్ ఓవర్‌లే తెరిచి ఉండగానే మౌస్‌ని కాన్వాస్ మీదికి తీసుకెళ్లి పట్టుకుని లాగండి. గ్రేడియంట్ అక్షరంలో జరుగుతుంది. "త" కడుపు మధ్యకి గీత వచ్చేదాకా పైకి లాగండి. స్కేల్ కూడా కాస్త తగ్గించండి.

కొత్తకుంచె:

ఇలా లాగొచ్చని నాకు అస్సలు తెలియదు. ఇప్పుడు నిజంగానే లోహంలా ఉంది. కొత్త బొమ్మ జోడించాను. ఇక ఒత్తులు మిగిలాయి.

అక్షరశిల్పి:

ఒత్తుల గురించి నేను చెప్తాను. మీ బొమ్మని జూమ్ చేసి కొలిచాను. "త" గీత మందం 60 పిక్సెల్స్ దగ్గర ఉంది. ఒత్తుల గీత మందం 22 దగ్గర. మీరిచ్చిన బెవెల్ సైజు 18.

ఇన్నర్ బెవెల్ గీతకి రెండు వైపుల నుంచీ లోపలికి తింటుంది. 60 మందం ఉన్న గీతలో ఇటు 18, అటు 18 పోయినా మధ్యలో 24 పిక్సెల్స్ చదునుగా మిగులుతుంది. గ్రేడియంట్ కనబడేది ఆ చదును మీదే. 22 మందం ఉన్న ఒత్తులో రెండు వాలులూ ఒకదాన్నొకటి గుద్దుకుని, చదునన్నదే లేకుండా మధ్యలో గట్టులా లేస్తుంది. అందుకే ఒకే స్టైల్ పైన పలకలా, కింద తీగలా కనిపిస్తోంది. టైటిళ్లకి వాడే చాలా ఇంగ్లిష్ ఫాంట్లలో అక్షరాలన్నిటికీ గీత మందం దాదాపు ఒకటే ఉంటుంది కాబట్టి వాళ్లకి ఈ గొడవ లేదు.

మూడు దారులున్నాయి. మొదటిది, అక్షరానికీ ఒత్తుకీ మందంలో పెద్ద తేడా లేని ఫాంట్ ఎంచుకోవడం. అనెక్ తెలుగు లాంటి వేరియబుల్ ఫాంట్ అయితే బరువు, వెడల్పు రెండూ స్లైడర్‌తో మార్చుకోవచ్చు. మరీ బరువైన కొసకి వెళ్లకుండా కాస్త ముందే ఆగితే అక్షరం లోపలి ఖాళీలు బతుకుతాయి. రెండోది, ఒత్తులకి సరిపోయే సైజే అందరికీ ఇవ్వడం, అంటే 7 లేదా 8. అక్షరం తక్కువ ఉబ్బుతుంది, కానీ అంతటా ఒకేలా ఉంటుంది. మూడోది నేను టైటిళ్లకి చేసేది: ఒత్తుల్ని వేరే లేయర్ చేయడం.

టెక్స్ట్ లేయర్‌ని డూప్లికేట్ చేసి, అసలుదాని పక్కన ఉన్న కన్ను గుర్తు ఆపేసి దాచుకోండి. స్పెల్లింగ్ మార్చాల్సి వస్తే అదే దిక్కు. డూప్లికేట్ మీద రైట్ క్లిక్ చేసి కన్వర్ట్ టు షేప్ చేయండి. దాన్ని ఇంకో కాపీ తీయండి. ఒకదాంట్లో నల్ల బాణం టూల్‌తో ఒత్తుల్ని పట్టుకుని డిలీట్ చేయండి, రెండోదాంట్లో ఒత్తులు ఉంచి మిగతావి తీసేయండి. ఇప్పుడు పై లేయర్‌కి బెవెల్ 18, ఒత్తుల లేయర్‌కి 7. రెండింటినీ ఒక గ్రూపులో పెట్టి డ్రాప్ షాడో గ్రూపుకి ఇవ్వండి. షాడో లేయర్లకి విడివిడిగా ఇస్తే పైదాని నీడ ఒత్తుల మీద పడి మళ్లీ మురికి.

గ్రేడియంట్ మాత్రం రెండు లేయర్లకీ విడిగా ఉంటుంది కాబట్టి గుండ్రక్షరం గారు చెప్పినట్టు ఒత్తులది కూడా చేత్తో జరుపుకోండి. ఒత్తులకి తమ సొంత వెలుగు గీత వస్తే చదవడానికి ఇంకా బాగుంటుంది.

జింప్‌ప్రియ:

> డూప్లికేట్ మీద రైట్ క్లిక్ చేసి కన్వర్ట్ టు షేప్ చేయండి

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా రాస్తే బాగుంటుంది అక్షరశిల్పి గారూ. చాలా తెలుగు ఫాంట్లలో ఒత్తు, అక్షరం వేర్వేరు ఆకారాలుగా ఉండి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. టెక్స్ట్‌గా ఉన్నంతసేపు తెలియదు. షేప్ చేసి దాని మీద అవుట్‌లైన్ గీస్తే అతుకు దగ్గర అడ్డగీతలు బయటపడతాయి.

అక్షరశిల్పి:

నిజమే, మంచి మాట. అలాంటప్పుడు ఆకారాలన్నీ ఎంచుకుని, పైన పాత్ ఆపరేషన్స్ మెనూలో కంబైన్ షేప్స్ అని, తర్వాత మెర్జ్ షేప్ కాంపోనెంట్స్ నొక్కాలి. ఇంక్‌స్కేప్‌లో అయితే పాత్ మెనూలో యూనియన్. ఒత్తుల్ని విడదీసే పని ఉంటే ముందు విడదీసి, ఆ తర్వాతే కలపండి.

లేయర్ స్టైల్‌లో ఉండే స్ట్రోక్‌కి (అంచు గీతకి) ఈ బాధ లేదు. అది ఫాంట్ గీతల్ని కాకుండా లేయర్‌లో ఎక్కడ బొమ్మ ఉంది, ఎక్కడ ఖాళీ ఉంది అన్నదే చూస్తుంది.

కొత్తకుంచె:

చేశాను. ఒత్తులు ఇప్పుడు విడివిడిగా, స్పష్టంగా ఉన్నాయి. మా ఇంట్లోవాళ్లకి చూపిస్తే టైటిల్ ఏమిటో చెప్పకుండానే చదివారు. చాలా సంతోషంగా ఉంది.

ఒక చిన్న సందేహం. వెలుతురు కోణం ఎంత ఉండాలి? ట్యుటోరియల్‌లో ఏ కారణం చెప్పకుండా 120 అన్నారు.

వెలుగునీడ:

వెలుతురు పైనుంచి వస్తుందని మన కన్ను ముందే అనుకుని చూస్తుంది. అందుకే పై అంచు వెలుగుతో, కింది అంచు చీకటితో ఉంటే ఉబ్బెత్తు, తారుమారైతే గుంట. ఏదైనా బెవెల్ ఇచ్చిన బొమ్మని 180 డిగ్రీలు తిప్పి చూడండి, ఉబ్బినది కాస్తా లోతుకి పోతుంది. కాబట్టి పైనుంచి అన్నది తప్పనిసరి. ఎడమ పైనుంచా, కుడి పైనుంచా అన్నది మీ ముఖచిత్రంలో వెలుతురు ఎటు ఉందో దాన్నిబట్టి.

ముఖచిత్రంలో చంద్రుడో దీపమో లేకపోతే మాత్రం నేను ఎడమ పైనే తీసుకుంటాను, 120 నుంచి 135 మధ్య. తెలుగుకి దీనికో మంచి కారణం ఉంది. మన తలకట్టు పొడుగు గీత ఎడమ నుంచి కుడికి పైకి వాలి ఉంటుంది. దాని ముఖం ఎడమ పైకి తిరిగి ఉన్నట్టు లెక్క. వెలుతురు అటునుంచి వస్తే తలకట్టు అంతా తళుక్కుమంటుంది. 45 డిగ్రీలు పెడితే వెలుతురు తలకట్టు పొడవునా జారిపోతుంది, రెండు అంచులూ ఒకేలా వెలవెలబోతాయి. మీ "త" మీద కోణం తిప్పుతూ చూడండి, తెలిసిపోతుంది.

యూజ్ గ్లోబల్ లైట్ టిక్ ఉంటే ఒక చోట కోణం మారిస్తే ఆ ఫైల్‌లో టిక్ ఉన్న షాడోలు, బెవెల్‌లు అన్నీ మారతాయి. అది ఉంచుకోవడమే మంచిది. టైటిల్ వెలుతురు ఒకవైపు, రచయిత పేరు వెలుతురు ఇంకోవైపు ఉంటే ఎందుకో తెలియకుండానే బొమ్మ అతికించినట్టు అనిపిస్తుంది.

గుండ్రక్షరం:

ఇక్కడ నేను కొంచెం వేరుగా అంటాను. అసలు తెలుగు టైటిల్‌కి ఇంత బెవెల్ అవసరమా? మన అక్షరాలు గుండ్రం. బెవెల్‌లో ఉండే చిజెల్ హార్డ్ లాంటి టెక్నిక్ నిలువు, అడ్డం గీతలున్న లిపికి రాయి చెక్కినంత పదునుగా వస్తుంది. గుండ్రటి "త" మీద వేస్తే వంపు పొడవునా సన్నటి చారలు, గీతలు కలిసే చోట పిచ్చి మడతలు వస్తాయి. స్మూత్ వాడితే చారలు పోతాయి గానీ బూరెలా ఉబ్బుతుంది.

నేనైతే బెవెల్ పూర్తిగా తీసేసి, ఆ గ్రేడియంట్ ఉంచి, దాని మీద స్ట్రోక్ వేస్తాను. సైజు 3, పొజిషన్ ఇన్‌సైడ్, ఫిల్ టైప్ గ్రేడియంట్, కోణం అక్షరం గ్రేడియంట్‌కి తిరగేసి. అంటే అక్షరం వెలుగుగా ఉన్నచోట అంచు ముదురు, అక్షరం ముదురుగా ఉన్నచోట అంచు వెలుగు. పలచటి బంగారు రేకు అతికించినట్టు వస్తుంది. అక్షరం ఆకారం ఒక్క పిక్సెల్ కూడా పోదు.

ఇన్‌సైడ్ అని ప్రత్యేకంగా ఎందుకన్నానంటే, అవుట్‌సైడ్ స్ట్రోక్ మూలల్ని గుండ్రం చేస్తుంది, పైగా ఒత్తుల మధ్య ఉన్న కాస్త ఖాళీనీ మింగేస్తుంది.

వెలుగునీడ:

చిన్న సైజులో, సన్నటి ఫాంట్లలో గుండ్రక్షరం గారి పద్ధతే మేలు, నేనూ ఒప్పుకుంటా. కానీ ముఖచిత్రం మీద ఒకే ఒక్క మాట, అదీ ఇంత పెద్దగా ఉన్నప్పుడు కాస్త మందం కనబడితేనే నిండుగా ఉంటుంది. చిజెల్ హార్డ్ చారల గురించి అన్నది నిజం. సాఫ్టెన్ విలువ 2, 3 ఇస్తే చాలావరకు సర్దుకుంటాయి. బెవెల్‌లోనే గ్లోస్ కాంటూర్ (మెరుపు ఎలా పడాలో చెప్పే గీత) దగ్గర ఉన్న రింగ్ ఆకారాన్ని ఒకసారి వాడి చూడండి కొత్తకుంచె గారూ. వెలుగు ఒకసారి వచ్చి పోకుండా, వచ్చి, తగ్గి, మళ్లీ వస్తుంది. వంపుల మీద అది చాలా అందంగా పడుతుంది. గుండ్రటి లిపికి అది వరమే.

జింప్‌ప్రియ:

జింప్ (ఉచితంగా దొరికే బొమ్మల ప్రోగ్రాం) వాడేవాళ్ల కోసం ఇదే పని ఎలాగో రాస్తున్నాను. ఇక్కడ చదివి వెళ్లేవాళ్లలో ఫోటోషాప్ లేనివాళ్లే ఎక్కువ అని నా నమ్మకం.

టెక్స్ట్ రాశాక లేయర్ మీద రైట్ క్లిక్ చేసి ఆల్ఫా టు సెలెక్షన్ అనండి. కొత్త లేయర్ తీసుకుని ఆ సెలెక్షన్‌లో పైన చెప్పిన రంగుల గ్రేడియంట్ నింపండి. ఇక్కడ గ్రేడియంట్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో మీరే లాగుతారు కాబట్టి ఒత్తుల లెక్క తప్పే సమస్య లేదు.

తర్వాత ఇంకో లేయర్: మొత్తం నలుపు, అక్షరం తెలుపు. దానికి గాసియన్ బ్లర్ ఇవ్వండి. ఇది ఎత్తుపల్లాల పటం. తెలుపు ఉన్నచోట ఎత్తు, నలుపు ఉన్నచోట పల్లం, మసకగా ఉన్న అంచు వాలు. బ్లర్ ఎంత ఎక్కువైతే వాలు అంత వెడల్పు. ఇప్పుడు గ్రేడియంట్ లేయర్ మీదికి వచ్చి ఫిల్టర్స్, మ్యాప్, బంప్ మ్యాప్ తెరిచి, ఆ బ్లర్ లేయర్‌ని మ్యాప్‌గా ఇవ్వండి. అజిమత్ అంటే వెలుతురు దిక్కు, ఎలివేషన్ అంటే వెలుతురు ఎంత ఎత్తు నుంచి వస్తోంది అని. డెప్త్ కొద్దికొద్దిగా పెంచండి.

ఆఖర్న కర్వ్స్ తెరిచి గీతని పైకీ కిందకీ అలలా వంచండి. వెలుగునీడ గారు చెప్పిన గ్లోస్ కాంటూర్ చేసే పని ఇదే, ఇక్కడ మీ చేతుల్లో ఉంటుంది. ఒక్కో అల ఒక్కో ప్రతిబింబం.

2025 మార్చిలో వచ్చిన జింప్ 3.0 నుంచి ఎక్కువ ఫిల్టర్లు లేయర్ మీదే విడిగా నిలిచి ఉంటున్నాయి. మళ్లీ తెరిచి విలువలు మార్చుకోవచ్చు, తీసేయొచ్చు. 2.10లో ఒకసారి నొక్కితే పిక్సెల్స్‌లో కలిసిపోయేది. టెక్స్ట్‌కి నేరుగా అవుట్‌లైన్ ఇచ్చే సదుపాయం కూడా 3.0లో వచ్చింది. పాతది వాడుతున్నవాళ్లు ఈ ఒక్క కారణానికైనా మారండి.

వేలికొన:

నాకు కంప్యూటర్ లేదు, అంతా ఫోన్‌లోనే. పిక్సెల్‌ల్యాబ్ వాడతాను. దాంట్లో ఎంబాస్, 3డి ఉన్నాయి గానీ ఇన్ని కంట్రోల్స్ లేవు. మాలాంటివాళ్లకి దారి ఉందా?

గుండ్రక్షరం:

ఉంది. అందులో టెక్స్ట్‌కి టెక్స్చర్ ఇచ్చే ఆప్షన్ వాడండి. ముందుగా వేరే బొమ్మలో వెలుగునీడ గారి స్టాప్‌లతో ఒక గ్రేడియంట్ చేసుకుని సేవ్ చేయండి, దాన్నే అక్షరానికి టెక్స్చర్‌గా పెట్టండి. దిగంతం గీత ఎక్కడ పడాలో బొమ్మని కత్తిరించి సర్దుకోవచ్చు. ఎంబాస్ చాలా తక్కువ ఇవ్వండి. ఫోటోపీ అని బ్రౌజర్‌లోనే నడిచేది ఒకటుంది, పీఎస్‌డీ (ఫోటోషాప్) ఫైళ్లు తెరుస్తుంది, లేయర్ స్టైల్స్ ఉంటాయి. ఫోన్ స్క్రీన్ మీద మెనూలు ఇరుకే, అయినా పని అవుతుంది.

నీలినియాన్:

ఇదే దారంలో అడగొచ్చో లేదో, కానీ ఇంతమంది పెద్దలు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. నియాన్ ఎఫెక్ట్‌కి అవుటర్ గ్లో ఎంత పెంచినా వెలుగుతున్నట్టు ఉండదు. పొగమంచులో ఉన్నట్టు ఉంటుంది.

వెలుగునీడ:

అక్షరానికే నీలం రంగు ఇచ్చి ఉంటారు. వెలిగే గొట్టం మధ్యభాగం దాదాపు తెల్లగా ఉండాలి. అంత ప్రకాశంలో కంటికైనా కెమెరాకైనా రంగు తేలిపోతుంది, అంచుల్లోనూ చుట్టూ గాలిలోనూ మాత్రమే రంగు మిగులుతుంది. కాబట్టి అక్షరం రంగు నీలం చాయ ఉన్న తెలుపు, లోపలి అంచుకి ఇన్నర్ గ్లో నీలం, బయట అవుటర్ గ్లో చిన్నది, గాఢమైనది. దాని బయట ఇంకో పెద్ద, పలచటి గ్లో కావాలి. ఇక్కడ చిక్కేమిటంటే ఫోటోషాప్ ఒక లేయర్‌కి ఒక్క అవుటర్ గ్లోనే ఇస్తుంది. డ్రాప్ షాడోకి మాత్రం ప్లస్ గుర్తు ఉంటుంది, ఒకటికంటే ఎక్కువ వేసుకోవచ్చు. డ్రాప్ షాడో దూరం 0 చేసి, రంగు నీలం చేసి, మోడ్ స్క్రీన్ చేస్తే అదే గ్లో అవుతుంది. సైజు ఒకదానికంటే ఒకటి రెట్టింపు ఉండేలా రెండు మూడు వేయండి.

అక్షరం వెనక గోడ ఉంటే గోడ మీద కూడా ఆ వెలుగు పడాలి. మెత్తటి బ్రష్‌తో, లీనియర్ డాడ్జ్ లేయర్ మీద, తక్కువ ఒపాసిటీతో పూయండి. నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద నియాన్ ఎప్పుడూ కాస్త అబద్ధంలాగే ఉంటుంది, ఎందుకంటే వెలుగు పడటానికి అక్కడ ఏమీ లేదు.

అక్షరశిల్పి:

నియాన్‌కి ఫాంట్ కూడా ముఖ్యం. గొట్టం మందం ఎక్కడా మారదు, కొసలు గుండ్రంగా ఉంటాయి. సన్నం లావు ఉన్న ఫాంట్‌కి ఎంత గ్లో ఇచ్చినా అది గొట్టం కాదు. మన లిపి వంపులు గాజు గొట్టానికి అతికినట్టు సరిపోతాయి. పెన్ టూల్‌తో అక్షరం నడిగీత గీసుకుని, గుండ్రటి కొసలున్న స్ట్రోక్ ఇస్తే ఇంకా బాగుంటుంది. తలకట్టుకీ అక్షరానికీ మధ్య చిన్న ఎడం వదలండి. నిజం గొట్టం అక్కడ తెగి మళ్లీ మొదలవుతుంది కదా.

రాతిగోడ:

నాది పాత గోడ ఫోటో. దాని మీద పెయింట్‌తో రాసినట్టు అక్షరాలు కావాలి. మల్టిప్లై పెట్టాను, రంగు కలిసింది గానీ అక్షరం గోడ మీద గాల్లో తేలుతోంది.

జింప్‌ప్రియ:

రంగు కలిస్తే చాలదు, గోడ ఎత్తుపల్లాలకి అక్షరం అంచు కూడా కదలాలి. దానికి డిస్‌ప్లేస్ ఫిల్టర్. గోడ ఫోటోని కాపీ చేసి, బ్లాక్ అండ్ వైట్ చేసి, కొద్దిగా బ్లర్ చేసి, వేరే పీఎస్‌డీ ఫైల్‌గా సేవ్ చేయండి. ఫోటోషాప్ డిస్‌ప్లేస్‌కి పీఎస్‌డీ తప్ప ఇంకోటి పనికిరాదు. బ్లర్ చేయకపోతే ప్రతి ఇసుక రేణువుకీ అంచు చిట్లిపోతుంది. టెక్స్ట్ లేయర్‌ని స్మార్ట్ ఆబ్జెక్ట్ చేసి ఫిల్టర్, డిస్టార్ట్, డిస్‌ప్లేస్‌కి వెళ్లి, రెండు విలువలూ 5 దగ్గర మొదలుపెట్టి, ఆ ఫైల్ చూపించండి. మ్యాప్‌లో 128 బూడిద రంగు ఉన్నచోట ఏమీ కదలదు, అంతకంటే తెలుపైతే ఒకవైపు, నలుపైతే ఇంకోవైపు జరుగుతుంది.

ఆ తర్వాత అసలు మంత్రం బ్లెండ్ ఇఫ్. టెక్స్ట్ లేయర్ పేరు పక్కన ఖాళీ చోట డబుల్ క్లిక్ చేస్తే వచ్చే బ్లెండింగ్ ఆప్షన్స్‌లో, అడుగున "అండర్‌లైయింగ్ లేయర్" స్లైడర్ ఉంటుంది. నల్ల వైపు త్రికోణాన్ని ఆల్ట్ నొక్కి పట్టుకుని రెండుగా చీల్చి, ఒక సగాన్ని కుడికి లాగండి. గోడ పగుళ్లు, గుంటలు ఎక్కడెక్కడ నల్లగా ఉన్నాయో అక్కడ పెయింట్ మెల్లగా చెదిరిపోతుంది. ఆల్ట్ లేకుండా లాగితే ఆ మెత్తదనం రాదు, గీసినట్టు తెగిపోతుంది.

రాతిగోడ:

బ్లెండ్ ఇఫ్ లాగుతుంటే అక్షరం గోడలోకి దిగిపోతోంది! జింప్‌ప్రియ గారూ, చాలా చాలా థ్యాంక్స్. ఇంకోటి, నాకు ఫోటోషాప్‌లో "స్ప్ర" లాంటివి టైప్ చేస్తే ఒత్తు పక్కకి విడిపోయి పొల్లు కనిపిస్తోంది. ఇప్పటిదాకా వేరేచోట బొమ్మ చేసి తెచ్చుకుంటున్నాను.

అక్షరశిల్పి:

ప్రిఫరెన్సెస్‌లో టైప్ పేజీకి వెళ్లి, టెక్స్ట్ ఇంజిన్ దగ్గర మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అన్నది ఎంచుకోండి. ఫోటోషాప్ మూసి తెరవండి. తర్వాత పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్-రెడీ అని ఉన్నది ఎంచుకోండి. కొత్త వెర్షన్లలో పేర్లు కాస్త మారాయి, వరల్డ్-రెడీ అన్న మాట పట్టుకుని వెతికితే దొరుకుతుంది. యూనికోడ్ ఫాంటే వాడండి. జింప్‌లో ఈ బాధే లేదు, ఒత్తులు మొదటి నుంచీ సరిగ్గా కూర్చుంటాయి.

పనిలో పని ఇంకో రెండు. ఫాక్స్ బోల్డ్ నొక్కకండి. అది ఫాంట్ రూపకర్త గీసిన బోల్డ్ కాదు, ఉన్న గీతని అన్నివైపులా ఉబ్బిస్తుంది, "ష", "ఘ" లోపలి ఖాళీలు పూడిపోతాయి. పైగా అది పెట్టిన టెక్స్ట్‌ని ఫోటోషాప్ వార్ప్ (వంచడం) చేయనివ్వదు. రెండు వరుసల టైటిల్ అయితే లీడింగ్ (వరుసల మధ్య ఎడం) ఆటోలో వదలకండి. ఆటో అంటే 120%, పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల్ని తాకుతాయి. చేత్తో పెంచుకోండి.

కొత్తకుంచె:

నా టైటిల్ దాదాపు పూర్తయింది. రచయిత ఇప్పుడు ప్రింట్ పుస్తకం కూడా వేస్తామంటున్నారు. ఇదే ఫైల్‌ని పెద్దది చేసి పంపొచ్చా?

నాలుగురంగులు:

ఇమేజ్ సైజ్‌లో పెద్దది చేసేటప్పుడు గేర్ గుర్తు నొక్కి స్కేల్ స్టైల్స్ టిక్ ఉందో లేదో చూసుకోండి. లేకపోతే అక్షరం రెట్టింపవుతుంది, బెవెల్ మాత్రం 18 పిక్సెల్స్ దగ్గరే ఉండిపోయి సన్నటి అంచులా మారుతుంది. ఒక్క లేయర్‌కే చేయాలంటే లేయర్ స్టైల్ మెనూలో స్కేల్ ఎఫెక్ట్స్ ఉంది. బ్యాక్‌గ్రౌండ్‌లో ఫోటో ఉంటే దాన్ని పెంచొద్దు, అసలు పెద్ద ఫోటో మళ్లీ తెచ్చుకుని, అచ్చు సైజులో 300 పీపీఐ (అంగుళానికి 300 పిక్సెల్స్) ఉండేలా చూసుకోండి.

రంగు విషయంలో ముందే మనసు సిద్ధం చేసుకోండి. స్క్రీన్ మీద బంగారం మెరవడానికి కారణం స్క్రీన్ వెలుగుతుంది కాబట్టి. నాలుగు రంగుల అచ్చులో అత్యంత వెలుగు అంటే కాగితం తెలుపే. కంట్రోల్ వై నొక్కితే అచ్చు ఎలా ఉంటుందో దాదాపుగా కనిపిస్తుంది. లేత పసుపు హైలైట్లు చప్పబడతాయి. గోధుమ, లేత పసుపుల మధ్య తేడా ఇంకాస్త పెంచితే అచ్చులో లోహం నిలబడుతుంది. నీలినియాన్ గారి నీలం అయితే ఇంకా ఎక్కువ దెబ్బతింటుంది. అంత వెలుగైన నీలాలు, ఆకుపచ్చలు ఆ నాలుగు ఇంకుల్లో లేవు.

నిజం మెరుపే కావాలంటే ఫాయిల్ స్టాంపింగ్ అడగండి. దానికి మీరు ఇంత కష్టపడి చేసిన గ్రేడియంట్, బెవెల్ ఏవీ పంపకూడదు. అక్షరశిల్పి గారు చెప్పినట్టు షేప్ చేసి కలిపిన ఆకారాన్ని మాత్రమే, 100% నలుపులో, వెక్టర్‌గా, వేరే ఫైల్‌లో ఇవ్వాలి. మెరుపు రేకే చూసుకుంటుంది. ఒత్తుల మధ్య ఖాళీ ఎంత ఉండాలో ముందే ప్రెస్‌లో కనుక్కోండి, మరీ ఇరుకైతే రేకు పూడ్చేస్తుంది.

కొత్తకుంచె:

ఫాయిల్ సంగతి రచయితకి చెప్తాను. మరి ఈ-పుస్తకానికి ఏ ఫార్మాట్‌లో ఇవ్వాలి?

నాలుగురంగులు:

పీఎస్‌డీ లేయర్లతో మీ దగ్గర ఉంచుకోండి. వెబ్‌లో పెట్టే చోట పీఎన్‌జీ తీసుకుంటే అదే ఇవ్వండి. జేపెగ్ తప్పదంటే క్వాలిటీ బాగా పెంచండి, జేపెగ్ కుదింపు ముందుగా రంగు వివరాల్నే తగ్గిస్తుంది కాబట్టి నీలం మీద పసుపు అంచులు మసకబారతాయి. బ్యాక్‌గ్రౌండ్ నీలంలో మెట్లు మెట్లుగా పట్టీలు కనిపిస్తే చాలా కొద్దిగా నాయిస్ కలపండి, ఒక శాతం కూడా అక్కర్లేదు.

గుండ్రక్షరం:

ఇంకొకటి మర్చిపోవద్దు. దుకాణం పేజీలో ముఖచిత్రం బొటనవేలంత కనబడుతుంది. ఆ సైజుకి తగ్గించి చూడండి. బెవెల్, రింగ్ కాంటూర్ అన్నీ కలిసి అక్కడ మచ్చల్లా అవుతాయి. ఆ చిన్న బొమ్మకి వేరే కాపీ తీసి బెవెల్ కన్ను ఆపేయండి, రింగ్ కాంటూర్ కూడా దాంతోనే పోతుంది. గ్రేడియంట్‌లో దిగంతం గీత తీసేసి రెండు రంగులే ఉంచండి, ఒత్తుల లేయర్‌ని రెండు మూడు శాతం పెద్దది చేసి కొంచెం కిందకి దించండి. పెద్ద బొమ్మ పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది, విడిగా చూస్తే ఎవరికీ తెలియదు.

కొత్తకుంచె:

చేశాను, రెండు సైజులూ జోడించాను. చిన్నదాంట్లో కూడా స ఒత్తు, న ఒత్తు విడిగా కనబడుతున్నాయి. స్టైల్స్ రెండూ ఏఎస్‌ఎల్ (ఫోటోషాప్ స్టైల్) ఫైల్‌గా ఎగుమతి చేసి కింద పెట్టాను. వాడుకునేవాళ్లు మీ అక్షరం గీత మందం కొలిచి, బెవెల్ సైజు దానికి తగ్గట్టు మార్చుకోండి.